పన్నెండవ ఆటగాడికి చోటెక్కడ?

ఒక వేడుక ఎవరిదో తెలుసుకోవాలంటే అక్కడ ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూస్తే చాలును. వీధి భాగవతం ఆడేటప్పుడు పిల్లలు రంగానికి ఆనుకొని చాపలమీద చతికిలబడేవారు. ఆడవారు ఒక ప్రక్క, మగవారు ఒక ప్రక్క, గ్రామ పెద్దలు నులక మంచాలమీద. ఆలస్యంగా వచ్చినవారు ఎవరి అరుగో ఎక్కి నిలబడేవారు. టిక్కెట్టు లేదు, నంబరు లేదు; అయినా ఎవరి చోటు వారికి తెలుసు. నాటకం కంపెనీలు డేరా వేసి, కుర్చీ ఇంత, బెంచీ ఇంత, నేల ఇంత అని ధర కట్టిన తరువాతనే చోటు అనునది కొనుక్కోవలసిన సరుకైనది. అప్పటినుంచీ పిల్లలు వెనక్కు, డబ్బు ముందుకు.

ఈ చోటు తగవే అమెరికా కళాశాలల ఫుట్‌బాలు మైదానాలలోనూ నడుస్తున్నది. అంత దూరపు తగవు మన మాసపత్రికలో ఎందుకని పాఠకులు అడుగవచ్చును. బరంపురంలోనైతేనేమి, బళ్లారిలోనైతేనేమి, హోసూరు, షోలాపురం, యానాంలలోనైతేనేమి, తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు కొందరు పై చదువులకు అమెరికా వెళ్లుచున్నారు. వెళ్లిన నెల తిరగకుండానే, “శనివారం ఆట ఉంది నాన్నా, ఆదివారం మాట్లాడతాను” అనే కబురు వస్తుంది. ఇంటిదగ్గర తల్లిదండ్రులకు రెండు సందేహాలు. ఆ ఆటలో అంత ఏమున్నది? లక్షమంది గుంపులో మన పిల్లకు ఏమీ కాదు గదా? ఈ రెండింటినీ దృష్టిలో ఉంచుకొని నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆట సంగతి

పేరు ఫుట్‌బాలేగాని అది మనం ఎరిగిన ఫుట్‌బాలు కాదు. బంతి గుండ్రంగా ఉండదు. రెండు కొనలూ మొనదేలి ఉంటుంది. దాన్ని చంకన బెట్టుకొని పరుగెత్తుతారు, చేతితో విసురుతారు. కాలితో తన్నడం అప్పుడప్పుడు మాత్రమే. మైదానం 100 గజాలు. ఇటు పదకొండుగురు, అటు పదకొండుగురు. బంతి చేతనున్న జట్టుకు నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోగలిగితే మళ్లీ నాలుగు. పోలేకపోతే బంతి ఎదుటివారిది. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి ఒడిసిపట్టినట్లే ఇక్కడ బంతి పట్టినవాణ్ణి పడవేస్తారు.

ఒక్క సంగతి మాత్రం పాఠకులు గుర్తుంచుకోవాలి. ప్రతి అవకాశం తరువాతా ఆట ఆగుతుంది. జట్టును నడిపే ఆటగాడు గట్టిగా సంకేతం పలికితేనే తిరిగి మొదలవుతుంది. వాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. వాడి మాట తోటివారికి వినబడాలి. గ్యాలరీలలోని విద్యార్థుల కేకలకు విలువ వచ్చింది ఇక్కడనే.

నూరుమందినుంచి లక్షదాకా

అమెరికాలో రెండు కళాశాలల మధ్య జరిగిన మొదటి ఫుట్‌బాలు ఆట 1869 నవంబరు 6వ తేదీన న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్ పట్టణంలో జరిగింది. రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలలు తలపడగా రట్గర్స్ 6-4తో గెలిచింది. చూడవచ్చినవారు సుమారు నూరుమంది. ఎవరు ఏ కళాశాలవారో తెలియడానికి రట్గర్స్ విద్యార్థులు ఎర్రని గుడ్డలు తలపాగాలుగా చుట్టుకొన్నారు. తలపాగా చుట్టి పందెంలోకి దిగడం మనకు కొత్త కాదు గనుక ఈ ముచ్చట మన పెద్దలకు నచ్చుతుంది.

నూరుమంది వేలయ్యారు. వేలమంది తలా ఒక కేక వేస్తే అది గోల; అందరూ కలిసి ఒక్కటిగా వేస్తే బలం. 1898 నవంబరు 2వ తేదీన మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జానీ క్యాంప్‌బెల్ అను విద్యార్థి జనం ఎదుట నిలబడి కేకలు చెప్పి వేయించాడు. కోలాటంలో ముందు పాడేవాని వెంట తక్కినవారు అందుకొన్నట్లు విద్యార్థులందరూ అందుకొన్నారు. ఇప్పుడు చీర్‌లీడర్లని పిలువబడేవారి పరంపరకు ఆనాటి ఆ విద్యార్థియే ఆద్యుడు.

పిమ్మట కట్టడాలు వచ్చాయి. 1903లో హార్వర్డ్‌వారు ఇనుపచువ్వల కాంక్రీటుతో స్టేడియం కట్టారు. 1922లో ఒహాయో స్టేట్‌వారిది గుర్రపు లాడం ఆకారంలో లేచింది. 1927లో మిచిగన్‌వారిది తెరవబడింది. ఈ మిచిగన్ స్టేడియంలో నేడు 1,07,601 మందికి చోటున్నది. ఒక జిల్లా పట్టణపు జనాభాకు సరిపడు జనం ఒక మధ్యాహ్నం ఒకచోట బెంచీలమీద కూర్చుంటారన్నమాట. అందులో విద్యార్థులు కొద్దిభాగమే. తక్కినవారు పూర్వవిద్యార్థులు, ఊరివారు, చందాదారులు.

పన్నెండవవాడు

టెక్సాస్ ఏ అండ్ ఎం కళాశాల జట్టు 1922 జనవరి 2వ తేదీన డల్లాస్‌లో సెంటర్ కళాశాలతో ఆడుతున్నది. ఆటగాళ్లు ఒకరి తరువాత ఒకరు దెబ్బలు తిని బయటకు వచ్చారు. అదనపు ఆటగాళ్లు తరిగిపోవడంతో కోచ్ డేనా బైబిల్‌కు కంగారు పుట్టింది. ఇ. కింగ్ గిల్ అను విద్యార్థి ఆనాడు ప్రేక్షకుల వైపున ఉండి పత్రికలవారికి ఆటగాళ్ల పేర్లు చెబుతున్నాడు. అతను ఫుట్‌బాలు జట్టునుంచి బాస్కెట్‌బాలుకు మారినవాడు. కోచ్ కబురంపగానే దిగివచ్చి, దుస్తులు మార్చుకొని, పిలుపు వస్తే దూకడానికి సిద్ధంగా ఆట ముగిసేవరకు గీత ప్రక్కన నిలబడ్డాడు. పిలుపు రాలేదు. కళాశాల 22-14తో గెలిచింది. ఒక్క నిమిషమైనా ఆడని గిల్‌ను అందరూ జ్ఞాపకం పెట్టుకొన్నారు.

ఆ జ్ఞాపకార్థమే అక్కడి విద్యార్థులు నేటికీ ఆట సాగినంతసేపూ కూర్చోరు. బెంచీలున్నా నిలబడే చూస్తారు. “మేమంతా పన్నెండవ ఆటగాళ్లం, పిలిస్తే వస్తాం” అనేది దాని భావం. ఇంటి మైదానంలో ఆట ఉన్నదంటే ముందురోజు అర్ధరాత్రి స్టేడియంలో చేరి కేకలు సాధన చేస్తారు. ఆ కేకలు వేయించేవారిని విద్యార్థులే ఓట్లు వేసి ఎన్నుకొంటారు.

పన్నెండవవాడు చేసే పని ఊరక ఉత్సాహపరచడం కాదు. ఎదుటి జట్టు చేత బంతి ఉన్నప్పుడు విద్యార్థులు చెవులు చిల్లులు పడేట్లు అరుస్తారు. క్వార్టర్‌బ్యాక్ పలికిన సంకేతం వాడి ప్రక్కవానికే వినబడదు. ఎవడో ఒకడు తొందరపడి ముందే కదులుతాడు. 5 గజాలు వెనక్కు జరుపుతారు. తమ జట్టు చేతికి బంతి వచ్చిందా, అంతటి జనమూ పాఠశాలలో ఇన్‌స్పెక్టరు దొర అడుగుపెట్టినట్లు నిశ్శబ్దం. ఎప్పుడు అరవాలో ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఊరుకోవాలో అంత ముఖ్యం. 2024నుంచి పెద్ద జట్లలో కోచ్ మాట ఒక ఆటగాని శిరస్త్రాణంలోనికి రేడియోద్వారా చేరవేయడానికి అనుమతి వచ్చింది. అయినా ఆ విన్నవాడు తక్కిన పదిమందికీ చెప్పుకోవాలి గనుక కేకల విలువ తగ్గలేదు.

కేకల బలానికి ఒక్క నిదర్శనం చెప్పి ముందుకు సాగుతాము. 1988 అక్టోబరు 8వ తేదీ రాత్రి లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం ఆబర్న్‌మీద 7-6తో గెలిచింది. చివరి నిమిషాలలో, నాలుగవ అవకాశంలో, గెలుపు బంతి చేజిక్కిన క్షణాన స్టేడియంలో లేచిన కోలాహలం ఆ విశ్వవిద్యాలయంలోనే ఉన్న భూకంపమాపక యంత్రంమీద గీతగా నమోదైనది. ఆ ఆటను నేటికీ భూకంపపు ఆట అనియే పిలుస్తారు.

సీటు కేటాయింపు

మేము ఆఫీసు గుమాస్తాలం. సీనియారిటీ జాబితా, క్యూ, లాటరీ, హాజరుపట్టీ — ఈ నాలుగింటి మధ్యనే మా ఉద్యోగం వెళ్లమారిపోతున్నది. ఆశ్చర్యమేమనగా, అమెరికా విద్యార్థులకు సీటు పంచడానికి కూడా ఆ నాలుగే దిక్కైనవి.

మొదటిది సీనియారిటీ. టెక్సాస్ ఏ అండ్ ఎంలో పై తరగతివారు ముందురోజున టిక్కెట్లు తీసుకొంటారు, కింది తరగతులవారు వరుసగా ఆ తరువాతి రోజులలో. కొత్తగా చేరినవారికి మిగిలినది మహాప్రసాదం. ముందువచ్చిన చెవులకన్న వెనుకవచ్చిన కొమ్ములు వాడి అని కొత్తవారు గొణుక్కొన్నా, నాలుగేళ్లకు తమ వంతు వస్తుందన్న ధైర్యం వారికున్నది.

రెండవది క్యూ. ముందు వచ్చినవారికి ముందు సీటు. మిచిగన్‌లో విద్యార్థులు ఆలస్యంగా వస్తున్నారని, ఆట మొదలయ్యే వేళకు బెంచీలు ఖాళీగా కనబడుతున్నవని 2013లో ఈ పద్ధతి పెట్టారు. సంవత్సరాల తరబడి వేచి మంచి సీటు సంపాదించుకొన్న పై తరగతివారికి కోపం వచ్చింది. స్నేహితులు ఒకచోట కూర్చోలేకపోయారు. విద్యార్థి సంఘం అభ్యంతరం తెలిపింది. మరుసటి సంవత్సరమే పద్ధతి మార్చవలసి వచ్చింది. పెన్ స్టేట్‌లో మాత్రం క్యూ ఒక పండుగ అయినది. పెద్ద ఆట వస్తున్నదంటే విద్యార్థులు కొన్ని రోజుల ముందే స్టేడియం గేటు ఎదుట డేరాలు వేసుకొని కాపురముంటారు. 2005లో మొదలైన ఈ ఆచారం నేటికీ కలదు. 2007లో నోటర్ డామ్‌తో ఆడిన రోజున అందరూ తెల్లబట్టలే కట్టుకొని రావాలని స్టేడియం అంతటికీ చెప్పారు. అటుపిమ్మట అది ఏటేటి వేడుక అయినది.

మూడవది లాటరీ. టిక్కెట్లకన్న విద్యార్థులు ఎక్కువైనచోట పేర్లు తీస్తారు. ఇందులో పక్షపాతం లేదు. అయితే శ్రద్ధకు ఫలమూ లేదు.

నాలుగవది హాజరు. అలబామా జట్టు కొన్నేళ్లుగా ఎంత బలమైనదంటే, సగం ఆటకే గెలుపు తేలిపోయి విద్యార్థులు ఎండకు తాళలేక ఇంటిదారి పట్టేవారు. 2019లో విశ్వవిద్యాలయంవారు టెలిఫోనుద్వారా విద్యార్థి స్టేడియంలో ఉన్నాడో లేడో కనిపెట్టే ఏర్పాటు చేశారు. ఆటకు వస్తే 100 పాయింట్లు. చివరిభాగం వరకు ఉంటే మరి 250. ఎక్కువ పాయింట్లున్నవారికి తరువాతి పెద్ద ఆటల టిక్కెట్లలో ముందు వంతు. మనిషి ఎక్కడున్నాడో యంత్రం కనిపెట్టడమేమిటని విమర్శలు వచ్చాయి. హాజరుపట్టీలో సంతకంచేసి కాంటీనుకు పోయే మనుషులను ఆఫీసులలో చూస్తూనే ఉన్నాము. సంతకం వేరు, మనసు వేరు.

ఈ నాలుగు పద్ధతులకూ వెనుక అయిదవది ఒకటున్నది. అది డబ్బు. మైదానం నడిమిగీతకు ఎదురుగా ఉన్న సీట్లు చాలా విశ్వవిద్యాలయాలలో చందాదారులవి. పెద్దమొత్తం విరాళమిస్తేనేగాని ఆ టిక్కెట్టు కొనే అర్హత రాదు. విద్యార్థుల భాగం తరచు ఒక మూలనో, గోలుస్తంభాల వెనుకనో ఉంటుంది. విరాళాలను తప్పు పట్టలేము. స్టేడియం కట్టడానికి, డబ్బు రాని ఆటలను పోషించడానికి ఆ ధనమే ఆధారం. పైగా 2025 జూలైనుంచి విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వడానికి వీలు కలిగింది. ఖర్చు పెరిగినకొద్దీ ప్రతి బెంచీకీ ధర కట్టాలనే ఆలోచన రావడం సహజం. అయితే నాలుగుగంటలు నిలబడి గొంతు పోగొట్టుకొనేవాడు చందాదారుడు కాడు. వాడు లేనినాడు ఆ ఖరీదైన సీటులో కూర్చున్నవారికి చూడడానికి ఆట ఉంటుందేగాని వినడానికేమీ ఉండదు. డబ్బు ఎవరిదైనా, కొంతభాగం మైదానానికి దగ్గరగా, విద్యార్థికి అందే ధరకు, విద్యార్థులకే ఉంచవలెనని మా అభిప్రాయం.

అట్టల వినోదం

విద్యార్థులను ఒకేచోట కూర్చుండబెట్టడంవల్ల పుట్టిన వేడుక మరొకటి ఉన్నది. ఒక్కొక్కరి చేతికి రంగు అట్టలిచ్చి, సైగ చేయగానే ఎత్తమంటే, ఎదుటివైపునుంచి చూచేవారికి అక్షరాలు, బొమ్మలు కనబడతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు 1910లో దీనికి శ్రీకారం చుట్టారు. 1961 జనవరి 2వ తేదీన రోజ్ బౌల్ ఆటలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇట్లాగే అట్టలెత్తబోగా, ఆ ఆటతో సంబంధమే లేని కాల్‌టెక్ సంస్థ విద్యార్థులు ముందుగానే వారి సూచనల కాగితాలు మార్చివేశారు. వాషింగ్టన్‌వారు చెప్పినట్లే అట్టలెత్తారు. దేశమంతా టెలివిజన్‌లో చూస్తూ ఉండగా కనబడిన పేరు మాత్రం “కాల్‌టెక్”! ఎత్తినవారికి తామేమి వ్రాశారో తెలియదు.

గుంపులో ఉన్న కిటుకు, ప్రమాదం రెండూ ఇదే. లోపల ఉన్నవానికి మొత్తం కనబడదు.

వెనుకవారికి ముందు తెలియదు

1993 అక్టోబరు 30వ తేదీన విస్కాన్సిన్ జట్టు తమ మైదానంలో మిచిగన్‌మీద 13-10తో గెలిచింది. ఆనందం పట్టలేక విద్యార్థులు పైవరుసలనుంచి మైదానంలోకి దూకడానికి ఒక్కసారి దిగివచ్చారు. కింద కమ్మీలు, కంచె. పైనున్నవారికి కింద దారి లేదని తెలియదు. వారు తోస్తూనే ఉన్నారు. ముందున్నవారు కమ్మీలకు నలిగారు, కమ్మీలు విరిగి ఒకరిమీద ఒకరు పడ్డారు. డెబ్బదిమందికి పైగా గాయపడగా కొందరి పరిస్థితి విషమించింది. దైవవశాత్తు ఒక్క ప్రాణమూ పోలేదు. అప్పుడే ఆట ముగించిన ఆటగాళ్లు కొందరు వెనక్కు వచ్చి, తమకోసం అరచినవారిని తమ చేతులతోనే లాగి బయటపడవేశారు.

గెలిచిన రోజున గోలుస్తంభాలు పెరికివేయడం మరొక అలవాటు. 2005లో మిన్నెసోటా విశ్వవిద్యాలయపు మోరిస్ శాఖలో అట్లా కూలిన స్తంభం తగిలి ఒక విద్యార్థి మరణించాడు. 2022 అక్టోబరు 15వ తేదీన టెన్నెస్సీ జట్టు అలబామాను 52-49తో ఓడించగా జనం మైదానం నింపివేసి, స్తంభాలు ఊడబెరికి, మోసుకొనిపోయి నదిలో పడవేశారు. విశ్వవిద్యాలయానికి 1,00,000 డాలర్లు జుల్మానా పడింది. జుల్మానా కట్టినది విశ్వవిద్యాలయం. ఆ ఉత్సాహంలో ఎవరి కాలో చెయ్యో విరిగి ఉంటే కట్టవలసినది ఇంటిదగ్గరి తల్లి.

ఇది పరదేశపు పిల్లచేష్ట అని కొట్టివేయడానికి లేదు. 2025 జూన్ 4వ తేదీన బెంగుళూరు చిన్నస్వామి స్టేడియం వద్ద క్రికెట్టు గెలుపు సంబరానికి పోయి 11 మంది తొక్కిసలాటలో ప్రాణాలు కోల్పోయారు. అక్కడా ఇక్కడా సూత్రమొక్కటే. ముందు ఏమి జరుగుతున్నదో వెనుకవారికి తెలియదు. తెలిసినవానికి ఆగడానికి చోటుండదు. ఇరుకైన దారిలో తోపులాట మొదలైన తరువాత ఎవరి తెలివితేటలూ పనిచేయవు. పనిచేయవలసినవి ముందుగానే ఆలోచించి పెట్టిన గేటు, మెట్టు, కాపలా. సీటు కేటాయింపంటే సుఖం సంగతి మాత్రమే కాదు, ప్రాణం సంగతి కూడా.

చేతులూపే వేళ

ఇన్ని చెప్పి మంచి ఒకటి చెప్పకపోవడం న్యాయం కాదు. అయోవా విశ్వవిద్యాలయపు స్టేడియం ప్రక్కనే పిల్లల ఆసుపత్రి ఉన్నది. 2017లో దాన్ని తెరచినప్పటినుంచి జబ్బుపడిన పిల్లలు పై అంతస్తు అద్దాల వెనుకనుంచి ఆట చూస్తారు. ఆ సంవత్సరమే ఒక ఆచారం మొదలైనది. ఆటలో మొదటిభాగం ముగియగానే స్టేడియంలోని జనమంతా, ఆటగాళ్లతో సహా, మైదానానికి వీపు త్రిప్పి ఆసుపత్రి వైపు చేతులూపుతారు. ఎదుటి జట్టువారూ ఊపుతారు. పైన పిల్లలు తిరిగి ఊపుతారు. అరవడమెప్పుడో, ఊరుకోవడమెప్పుడో నేర్చుకొన్న గుంపు గనుకనే ఈ మూడవ పని కూడా చేయగలిగింది.

కనుక, పరదేశంలో పిల్లలున్న తల్లిదండ్రులకు మా మనవి ఇది. “ఆటకు పోవద్దు” అనకండి. కొత్త ఊరిలో, ముఖం తెలియని వేలమంది మధ్య, “నేను ఈ కళాశాలవాణ్ణి” అని పిల్లవానికి మొదటిసారి అనిపించేది తరచు ఆ బెంచీలమీదనే. పొమ్మనండి. పోతూ పోతూ గేటు నంబరు, బయటకు వచ్చే దారి చూచుకొమ్మనండి. స్నేహితులతో కలిసి కూర్చొని, విడిపోతే కలుసుకొనే చోటు ముందే అనుకొమ్మనండి. గెలిచినా ఓడినా చివరి గంట మోగగానే కిందికి పరుగెత్తక, జనం పలచబడేవరకు తన వరుసలోనే ఉండమనండి. ఆ పదిహేను నిమిషాలు ఆలస్యమైతే ఆదివారం ఫోను కాస్త ఆలస్యంగా వస్తుంది, రానివ్వండి. గొంతు బొంగురుపోయి ఉంటే కారణమేమిటో మీకు తెలుసు గదా.